క్రీపింగ్ థైమ్ అని ఇచ్చారు, నలిపితే వాసనే లేదు. ఇదేం మొక్క? వాలు నేలకు పనికొస్తుందా?

కంబాలకొండ పక్కిల్లు:

అందరికీ నమస్కారం. మాది విశాఖలో మధురవాడ. ఇల్లు కొండవాలులో ఉంది. వెనక ప్రహరీ దాటితే నేల కంబాలకొండ అడవి వైపు ఎత్తుగా లేచిపోతుంది. ఇంటికీ ప్రహరీకీ మధ్య రెండు సెంట్ల జాగా వాలుగా ఉండిపోయింది. అంతా ఎర్ర గరప నేల. ఎండాకాలంలో గునపం దిగదు. అక్టోబరు వానలు పడితే మాత్రం ఎర్రనీళ్ళుగా మారి గేటు దాకా కారిపోతుంది. కిందటేడు వాయుగుండం పట్టినప్పుడు పైనుంచి మట్టి జారి తులసికోట సగం వరకూ వచ్చేసింది. మా ఆవిడ అప్పటి నుంచీ "ఆ వాలు సంగతి చూడండి" అంటూనే ఉంది. లాన్ గడ్డి వేద్దామంటే ఏప్రిల్ వచ్చేసరికి మా బోరులో నీళ్ళుండవు. తాగడానికి కొనుక్కునే ట్యాంకర్ నీళ్ళు గడ్డికి పొయ్యడానికి నాకు మనసొప్పదు.

మా అమ్మాయి ఫ్రాన్స్‌లో మోంపెలియే అనే ఊళ్ళో ఉంటోంది. మధ్యధరా సముద్రానికి దగ్గర ఊరు. వాళ్ళ అపార్ట్‌మెంట్ ముందు గడ్డి తీసేసి, నేలను అంటిపెట్టుకుని పాకే మొక్క ఒకటి వేశారట. ఎండాకాలం వాన చుక్క లేకపోయినా బతికే ఉంటోందని, తెలుపూ గులాబీ కలిసిన చిన్న పూలు పూస్తోందని ఫోటోలు పంపింది. "నాన్నా, మన వెనక వాలుకి ఇదే కరెక్టు. వచ్చేటప్పుడు నాలుగు కొమ్మలు సూట్‌కేసులో పెట్టుకొస్తాను" అంటోంది. పేరు మాత్రం తనకీ తెలీదు.

ఈలోగా నేను ఇక్కడే ఒక నర్సరీలో ఆ ఫోటో చూపించాను. "క్రీపింగ్ థైమ్ సార్, మెడిటరేనియన్ మొక్క, నీళ్ళు పెద్దగా అక్కర్లేదు" అని ఒక ట్రే ఇచ్చారు. వాలు కింది భాగంలో కొంచెం మేర నాటాను. మొక్క బాగానే పట్టుకుంది. అయితే థైమ్ వంటల్లో వాడే మొక్క అని, దాని ఆకు నలిపితే ఘాటైన వాసన రావాలని చదివాను. దీన్ని ఎంత నలిపినా పచ్చిగడ్డి వాసన తప్ప ఏమీ రావట్లేదు. అప్పటి నుంచీ అనుమానం పట్టుకుంది.

నాకు కనిపించినంత రాస్తున్నాను. ఆకులు జంటలుగా, ఎదురెదురుగా ఉన్నాయి. ఆకు కాడ దగ్గర సన్నగా మొదలై కొస వైపు వెడల్పవుతుంది. కొస దగ్గర అంచుకు రంపం పళ్ళలా ఉన్నాయి, కింద మాత్రం లేవు. కాడ కొంచెం ఊదారంగు. మట్టికి తగిలిన ప్రతి కణుపు దగ్గరా వేళ్ళు దిగాయి, లాగితే అంత తేలిగ్గా రాదు. పువ్వు పొడవాటి కాడ మీద చిన్న గుండులా నిలబడి ఉంది. ఫోటోలు నాలుగు పెట్టాను: ఆకు, పువ్వు, కణుపు, మొత్తం మొక్క. ఐదోది అమ్మాయి పంపింది.

ఇది థైమేనా? కాకపోతే ఏమిటి? వాలంతా ఇదే వేసేయొచ్చా? అమ్మాయిని తెమ్మననా వద్దా? వానలు మొదలయ్యాయి, నాటితే ఇప్పుడే నాటాలి. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.


సింహాచలం సంపెంగ:

అన్నయ్య గారూ, మీ ఫోటో చూడగానే నాకు పొన్నగంటి కూర అనిపించింది. మా పెరట్లో కుళాయి కింద తడి ఉన్నచోట ఇలాగే పాకుతుంది. ఆకులు ఎదురెదురుగానే ఉంటాయి, తెల్లటి చిన్న గుండు పూలు పూస్తాయి, కణుపు కణుపుకీ వేళ్ళు పోస్తుంది. మేం పెసరపప్పులో వేసుకుంటాం, కంటికి మంచిదంటారు. అయితే మీ ఆకుకి పళ్ళున్నాయి అంటున్నారు, అక్కడే నాకు తేడా కొడుతోంది. తేలేదాకా వండకండి. మన గ్రూపులో భీమిలి బోటనీ మేడమ్ ఉన్నారు, ఆవిడ చూస్తే చెప్పేస్తారు.


గాజువాక గార్డెన్ పని:

సార్, నేను లాన్లు వేసే పని చేస్తాను. పేరు మేడమ్ చెప్తారు గానీ నీళ్ళ లెక్క నేను చెప్తాను. మన దగ్గర ఎండాకాలంలో లాన్ గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకి సుమారు 5 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకి ఒక లీటరు. మీ రెండు సెంట్లు అంటే దాదాపు 80 చదరపు మీటర్లు. రోజుకి 400 లీటర్లు! ఏప్రిల్, మే నెలల్లో అన్ని నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు? పైగా వాలు కాబట్టి పోసిన నీళ్ళలో కొంత ఇంకకుండానే కిందికి జారిపోతుంది. మీరు గడ్డి వద్దనుకోవడమే మంచిది.

ఇక థైమ్, లావెండర్ సంగతి. ఒక పెద్ద ఆఫీసు వాళ్ళు ఫోటోలు చూసి ముచ్చటపడి వేయించుకున్నారు. డిసెంబరులో నాటాం, ఫిబ్రవరికి చూడముచ్చటగా ఉన్నాయి. మే నెల ఎండని కూడా తట్టుకున్నాయి. ఆగస్టులో ముసురు పట్టింది, మొదలు దగ్గర నల్లబడి వరసకి వరస పోయాయి. మందు కొట్టినా లాభం లేకపోయింది. ఎండకి చావని మొక్క వానకి ఎందుకు చచ్చిపోయిందో మేడమ్ చెప్తే నేనూ తెలుసుకుంటాను.


భీమిలి బోటనీ టీచర్:

కంబాలకొండ గారూ, ఫోటోల కన్నా మీరు ఆకు అంచు గురించి రాసిన వాక్యమే నాకు ఎక్కువ పనికొచ్చింది. మొక్కను అలా పట్టి చూసేవాళ్ళు ప్రశ్న అడిగితే జవాబు చెప్పడానికి ఎంత సంతోషంగా ఉంటుందో!

ఇది థైమ్ కాదు. పొన్నగంటి కూడా కాదు. బొక్కెనాకు లేదా బొక్కెన అంటారు. శాస్త్రనామం ఫైలా నోడిఫ్లోరా, పాత పేరు లిప్పియా నోడిఫ్లోరా. యూరప్ నర్సరీల్లో ఇప్పటికీ లిప్పియా అన్న పేరుతో కూడా దొరుకుతుంది. మొక్కలకి శాస్త్రనామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో దీన్ని వెర్బీనా అనే ప్రజాతిలో చేర్చాడు, 1899లో గ్రీన్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త ఫైలా ప్రజాతిలోకి మార్చాడు. మధ్యధరా తీరంలోనూ ఉంది, మన చెరువు గట్ల మీదా, పొలం గట్ల మీదా, కాలవల పక్కనా ఉంది. మీకు నర్సరీ వాళ్ళు ట్రేలో పెట్టి ఇచ్చింది మన ఊళ్ళ గట్ల మీద మేకలు తొక్కుకుంటూ పోయే మొక్కే.

నా మాట మీద నమ్మేయకండి, చేత్తో పట్టి సరిచూసుకోండి. ఒక ముదురు ఆకు తెంపి వెలుతురుకి ఎదురుగా పట్టండి. కాడ నుంచి సగం దాకా అంచు సాఫీగా వస్తుంది. సగం దాటాక పళ్ళు మొదలై కొస వరకూ ఉంటాయి. ఆ పళ్ళన్నీ ఆకు కొస వైపే వాలి ఉంటాయి. తర్వాత ఆకును రెండు వేళ్ళ మధ్య మెల్లగా రాయండి, కొంచెం గరుగ్గా తగులుతుంది. కంటికి నున్నగా కనిపించే ఆకు మీద సన్నటి నూగు ఉంది. దారాలు చూసే భూతద్దం ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది: ఒక్కో వెంట్రుక మధ్యలో ఆకుకు అతుక్కుని, రెండు కొసలూ రెండు వైపులకీ పడుకుని ఉంటుంది. ఈ రెండూ కనిపిస్తే ఇక పువ్వు చూడకపోయినా ఫరవాలేదు.

కానీ పువ్వు చూడకుండా ఉండకండి, అది చాలా అందంగా ఉంటుంది. మీరు గుండు అన్నది ఒక్క పువ్వు కాదు, బోలెడు పూల గుత్తి. మధ్యలో ముదురు ఊదారంగు, చుట్టూ తెల్లపూల వలయం. పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి. అందుకే ఇవాళ కింద ఉన్న వలయం కొన్నాళ్ళకి పైకి ఎక్కి కనిపిస్తుంది, గుండుగా ఉన్న గుత్తి సాగి కోలగా అవుతుంది. ఒకే కొమ్మ మీద కొస నుంచి మొదలు దాకా చూసుకుంటూ వస్తే లేత గుత్తి, ముదురు గుత్తి అన్నీ వరసలో దొరుకుతాయి.

సంపెంగ గారికి వచ్చిన అనుమానం సహజమే. పొన్నగంటికీ ఎదురెదురు ఆకులే, తెల్ల గుత్తులే. తేడా రెండు చోట్ల చూడండి. పొన్నగంటి గుత్తికి కాడ ఉండదు, ఆకు మొదట్లో కాండానికే అంటుకుని ఉంటుంది, ముట్టుకుంటే ఎండు కాగితంలా గరగరలాడుతుంది. దాని ఆకు అంచుకి ఇలాంటి పళ్ళుండవు. బొక్కెన గుత్తి మాత్రం ఆకును మించిన పొడవాటి కాడ మీద నిలబడుతుంది. సంపెంగ గారు తేలేదాకా వండొద్దని చెప్పడం నాకు చాలా నచ్చింది.

ఇక థైమ్ ఎలా ఉంటుందంటే, ఆకు బియ్యపు గింజంత. అంచుకు పళ్ళు అసలుండవు. కాండం గట్టిపడి పుల్లలా అవుతుంది. వాసన మనకు బాగా తెలిసినదే: వాములో ఉండే థైమాల్ అనే పదార్థమే థైమ్‌లోనూ ఉంటుంది. ఎవరైనా థైమ్ అని మొక్క ఇస్తే ఒక ఆకు నలిపి, వంటింటి డబ్బాలోంచి చిటికెడు వాము నలిపి, రెండూ పక్కపక్కన వాసన చూడండి. అందరిళ్ళలోనూ ఉండే పరీక్ష ఇది. కుండీల్లో పెంచుకునే వాము ఆకు వేరే మొక్క, దాని దళసరి ఆకు చూస్తేనే తెలిసిపోతుంది.

గాజువాక తమ్ముడు అడిగిన దానికి వస్తాను. ఇది అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. మధ్యధరా దేశాల్లో వాన చలికాలంలో, దానికి అటూ ఇటూ ఉన్న నెలల్లో పడుతుంది. ఎండాకాలం పొడిగా పోతుంది. మోంపెలియేలో జూలై బాగా పొడినెల. అంటే అక్కడి మొక్కకి వేడి ఉన్నప్పుడు తడి ఉండదు, తడి ఉన్నప్పుడు వేడి ఉండదు. థైమ్, లావెండర్ లాంటివి సున్నపురాయి గుట్టల మీద, నీరు నిలవని రాతి సందుల్లో పుట్టి పెరిగినవి. మనకి విశాఖలో జూన్ నుంచి నవంబరు దాకా వేడీ తడీ ఒకేసారి ఉంటాయి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైన పడే వానలో ఎక్కువ భాగం ఆ నెలల్లోనే పడుతుంది, అందులోనూ అక్టోబరులో బాగా దంచుతుంది. మట్టి తడిసి వెచ్చగా ఉంటే వేళ్ళకు గాలి అందదు, బూజు తెగుళ్ళు మొదలును పట్టుకుంటాయి. రాత్రిపూట కూడా గాలిలో ఉక్క తగ్గదు కాబట్టి ఆకుల గుబురు ఆరదు. మీ ఆఫీసు వరసలు మే దాటి ఆగస్టులో పోయింది అందుకే.

కాబట్టి "నీళ్ళు తక్కువ చాలు" అన్న మాట విని మొక్క కొనకండి. ఆ మొక్క ఏ కాలంలో నీళ్ళు లేకుండా ఉండగలదో, ఏ కాలంలో నీళ్ళు భరించలేదో అడగండి. మన ఊరికి ఈ రెండో ప్రశ్నే ముఖ్యం.

బొక్కెన ఇక్కడ నెగ్గేది అందుకే. కాలవ పక్కన బురదలో ఉంటుంది, ఇసుకలో ఉంటుంది, ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది. కణుపు కణుపుకీ వేళ్ళు దించుకుంటుంది కాబట్టి ఒక చోట ఎండినా ఇంకో చోట నుంచి తాగుతుంది. రోహిణి కార్తె ఎండల్లో మాత్రం లాన్‌లా నిగనిగలాడుతుందని అనుకోకండి. ఆకులు చిన్నవవుతాయి, రంగు కొంచెం ఊదాకు తిరుగుతుంది, పాకడం మానేసి ఊరుకుంటుంది. చచ్చిపోయిందనిపిస్తుంది కూడా. అప్పుడు వారం పది రోజులకోసారి ఒక తడి ఇస్తే చాలు. తొలకరి పడ్డాక మళ్ళీ చిగురిస్తుంది.

అమ్మాయి సూట్‌కేసులో కొమ్మలు తేవడం మాత్రం వద్దు. మన దేశంలోకి మొక్కలు, విత్తనాలు తెచ్చుకోవడానికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. ముందుగా అనుమతి, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. కొమ్మకంటిన మట్టిలో ఏ పురుగు వస్తుందో, ఏ తెగులు వస్తుందో మన కంటికి కనపడదు. ఇంకో కారణం కూడా ఉంది. మీ ఐదో ఫోటోలో ఆకులు సన్నగా, బూడిద రంగు కలిసి ఉన్నాయి. అది దీని దక్షిణ అమెరికా చుట్టం, ఫైలా కానెసెన్స్ లాగా ఉంది. యూరప్‌లో లాన్ బదులు వేసేది ఎక్కువగా అదే. ఆస్ట్రేలియాలో మర్రే-డార్లింగ్ నదుల పరీవాహక ప్రాంతంలో అది వరద మైదానాలన్నీ ఆక్రమించి పచ్చికను మింగేసి పెద్ద తలనొప్పిగా తయారైంది. దాని తోబుట్టువు మన గట్ల మీదే ఉంటే దాన్ని తెచ్చుకోవడం దేనికి?

వాలు గురించి విడిగా రాస్తాను, ఒక విషయం మీరు చూసి చెప్పాలి. వాలు ఎంత నిటారుగా ఉంది? దాని మీద మనిషి నిలబడి పని చేసుకోగలడా, లేక చేత్తో పట్టుకుంటే తప్ప ఎక్కలేడా?


కంబాలకొండ పక్కిల్లు:

మేడమ్, మీ జవాబు మా ఆవిడకి చదివి వినిపించాను. ఇద్దరం కలిసి వెళ్ళి చూశాం. ఆకును వెలుతురుకి పట్టగానే మీరు చెప్పినట్టే సగం దాకా సాఫీ, ఆపైన పళ్ళు. పోర్టులో పనిచేసిన రోజుల్లో కాగితాలు చూడ్డానికి వాడిన భూతద్దం తీశాను. వెంట్రుకలు కనిపించాయి! పడుకునే ఉన్నాయి. వాము కూడా నలిపి చూశాం, దీనికీ దానికీ పోలికే లేదు. పూల దగ్గరికి సన్న తేనెటీగలు, గోధుమరంగు సీతాకోకచిలుక ఒకటి వచ్చి వాలాయి. రెక్కల మీద కళ్ళలాంటి మచ్చలున్నాయి.

వాలు మీద నిలబడొచ్చు గానీ చెప్పులు జారుతాయి. పై భాగం మరీ నిటారుగా ఉంది, కింది సగం నయం. వాన నీళ్ళు రెండు చోట్ల చిన్న కాలవల్లా కోసుకుంటూ దిగుతున్నాయి. అక్కడ పెట్టిన మొక్కలు మొన్నటి వానకి కొట్టుకుపోయాయి. మిగతా చోట్ల నిలబడ్డాయి. అమ్మాయికి కొమ్మలు వద్దని చెప్పాను, ఒప్పుకుంది.


భీమిలి బోటనీ టీచర్:

ఆ సీతాకోకచిలుక పీకాక్ పాన్సీ అయ్యుంటుంది. దాని గొంగళిపురుగు తినే మొక్కల్లో బొక్కెన కూడా ఒకటి. ఆకులు అక్కడక్కడా కొరికినట్టు కనిపిస్తే మందు కొట్టొద్దని నా మనవి. మొక్కకి పెద్దగా నష్టం ఉండదు.

వాలంతా బొక్కెన ఒక్కటే వేయకండి. ఇది నేల పైపొరను కప్పుతుంది, వానచినుకు నేరుగా మట్టికి తగలకుండా ఆపుతుంది. నేలను లోతుగా పట్టి ఉంచడం మాత్రం దీని వల్ల కాదు. మన కొండల ఖోండలైట్ రాయి మెత్తబడి మారిన ఎర్రమట్టి తడిస్తే ఎలా జారుతుందో మీరే చూశారు. దానికి వట్టివేరు కావాలి. వట్టివేరు వేళ్ళు నిలువుగా దిగుతాయి, మంచి నేలలో మూడు మీటర్ల దాకా పోతాయి.

పనిని ఈ వరసలో చేయండి. వాలు మీద తుంగ కలుపు ఉంటే ముందు తీయించండి. ఇక్కడ తొందరపడొద్దు. తుంగ గడ్డ ఒక్కటి మిగిలినా బొక్కెన మధ్యలోంచి లేస్తుంది, అప్పుడు దాన్ని పీకాలంటే మొక్క కూడా ఊడొస్తుంది. గరిక కూడా అంతే. తర్వాత వాలుకి అడ్డంగా, ఒకే మట్టంలో వట్టివేరు వరసలు. మట్టం కోసం మేస్త్రీలు వాడే నీళ్ళ లెవెల్ పైపు చాలు. వరస ఏ మాత్రం ఒక పక్కకి వాలినా నీళ్ళన్నీ అటే పరిగెత్తి కొత్త కాలవ కోస్తాయి. పిలకకీ పిలకకీ మధ్య అరడుగు లోపే ఉండాలి. ఎత్తులో మీటరు దిగినప్పుడల్లా ఒక వరస. నిటారుగా ఉన్న పై భాగంలో ఇంకా దగ్గరగా వేయించండి. ఆ రెండు కోత కాలవల్లో రాళ్ళు అడ్డంగా పేర్చితే నీటి ఊపు తగ్గుతుంది.

వరసల మధ్యలో బొక్కెన. మీ దగ్గరున్న మొక్కల నుంచే జానెడు పొడవు కొమ్మలు కోసుకోండి. ఒక్కో దాంట్లో నాలుగు కణుపులుంటే రెండు మట్టిలోకి, రెండు పైకి. కొమ్మను నిలువుగా గుచ్చే కన్నా ఏటవాలుగా పడుకోబెట్టి మట్టి కప్పి కాలితో అదమండి, వేళ్ళు ఎక్కువ చోట్ల దిగుతాయి. అడుగుకొకటి నాటితే ఈ వానలకే బాగా అల్లుకుంటుంది. గరప నేల కాబట్టి గుంటలో గుప్పెడు మాగిన గత్తం వేయండి, అంతకు మించి వద్దు. బలం ఎక్కువైతే ఆకు పొంగుతుంది, వేరు లోతుకి పోదు. వాన లేని రోజుల్లో మొదటి రెండు వారాలు రోజూ నీళ్ళు, ఆపైన మెల్లగా తగ్గించండి. బాగా నీడపడే చోట ఇది నిలవదు, ప్రహరీ నీడ రోజంతా ఉండే మూల వదిలేయండి.

వాలు మీద కొత్తగా నాటిన కొమ్మలు గట్టి వాన ఒక్కటి పడితే చాలు, ఊడి కిందికి వచ్చేస్తాయి. కొబ్బరి పీచు వల పరిచి, వెదురు మేకులు కొట్టి, కళ్ళ మధ్యలోంచి నాటితే ఆ బాధ ఉండదు. వల కొన్నేళ్ళకి మట్టిలో కలిసిపోతుంది, అప్పటికి మొక్కలు పట్టుకుంటాయి.


గాజువాక గార్డెన్ పని:

మేడమ్, వేడీ తడీ సంగతి ఇప్పుడు అర్థమైంది. ఇకపై ఎవరైనా లావెండర్ అడిగితే ఇదే చెప్తాను.

సార్, పీచు వల దొరక్కపోతే పాత గోనెసంచులు విప్పి పరిచినా ఈ ఏడాదికి పని జరుగుతుంది. పని పైనుంచి కిందికి చేయించండి, కింది నుంచి మొదలుపెడితే కూలీలు నాటిన దాని మీదే తొక్కుకుంటూ దిగుతారు. ఇంకొక్క మాట. "వాలుకి వెడీలియా వేయండి, పసుపు పూలు, ఊరికే అల్లేస్తుంది" అని ఎవరైనా అంటారు. ఊరికే అల్లేస్తుంది, నిజమే. ప్రహరీ దాటి అడవి నేలలోకి కూడా పోతుంది. మీ ఇంటి వెనక కంబాలకొండ ఉంది కాబట్టి దాన్ని దగ్గరికి రానివ్వకండి. ఎన్ని చోట్ల దాన్ని పీకలేక చేతులెత్తేశామో నాకు తెలుసు.


ఎంవీపీ మేడ మీద:

మేడమ్, ఈ చర్చ చదివాక నాకో ప్రశ్న వచ్చింది. మాది అపార్ట్‌మెంట్, పై అంతస్తు. టెర్రస్ మీద చిన్న మట్టి మడి ఉంది, లోతు తక్కువ. బొక్కెన వేస్తే మా బాబు చెప్పుల్లేకుండా దాని మీద ఆడుకోవచ్చా? తేనెటీగలంటే భయంగా ఉంది. రెండోది, నాకు నిజమైన థైమే కావాలి, సూపుల్లోకి వాడుకుంటాను. మన ఊళ్ళో అసలు బతికించలేమా?


భీమిలి బోటనీ టీచర్:

బతికించొచ్చమ్మా. నేలలో కష్టం గానీ కుండీలో సాధ్యమే.

ముందు బాబు సంగతి. బొక్కెన మీద నడవొచ్చు, పిల్లలు ఆడుకోవడానికి మెత్తగానే ఉంటుంది. రోజంతా ఒకే దారిలో తొక్కితే మాత్రం ఆ దారి బోడిగా అవుతుంది, అక్కడ నాలుగు రాతి పలకలు వేసేయండి. పూలున్నప్పుడు తేనెటీగలు తప్పకుండా వస్తాయి. బాబు ఆడే చోట పూలు రాగానే కత్తెరతో పై పైన కత్తిరించండి, మొక్క ఇంకా గుబురుగా వస్తుంది. గోడ వారన ఒక పక్క పూలు ఉంచేయండి, వాటి భోజనం మొత్తం లాగేయకూడదు కదా. మేడ మీద మట్టి తొందరగా వేడెక్కి ఆరిపోతుంది కాబట్టి కంబాలకొండ గారికి చెప్పినట్టు పది రోజులకో తడి మీకు సరిపోదు. ఎండాకాలంలో రోజు విడిచి రోజు చూసుకోవాలి.

థైమ్‌కి మట్టికుండీయే వాడండి, ప్లాస్టిక్ వద్దు. కుండీ గోడ లోంచి కూడా తేమ ఆవిరవుతుంది, ఈ మొక్కకి అదే కావాలి. ఎర్రమట్టి ఒక వంతు, కడిగిన గరుకు ఇసుక ఒక వంతు, చిన్న కంకర పిక్కలు ఒక వంతు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలపొద్దు, అది నీటిని పట్టి ఉంచుతుంది. కోడిగుడ్డు పెంకుల పొడి కొంచెం కలపొచ్చు, సున్నపు నేలలకు అలవాటుపడిన మొక్క కదా. మొక్క చుట్టూ పైన కూడా పిక్కలు పరిస్తే ఆకులు తడిమట్టికి తగలవు. వేలు లోపలికి పెడితే పొడిగా ఉన్నప్పుడే నీళ్ళు పోయండి, ఆకుల మీద చల్లొద్దు.

జూన్ నుంచి నవంబరు దాకా కుండీని సన్‌షేడ్ కిందికి జరపాలి. వాన పడకూడదు, ఎండ మాత్రం కనీసం సగం పూట తగలాలి, గాలి ఆడాలి. గుబురుగా ఉంటే మధ్యలోంచి కొమ్మలు తీసి సూపులో వేసుకోండి, లోపలికి గాలి పోతుంది. ఇంత చేసినా కొన్ని మొక్కలు ముసురుకి పోతాయి. అందుకని చలికాలంలోనే రెండు మూడు కొమ్మలు వేరే కుండీలో గుచ్చి వేళ్ళు పట్టించి ఉంచుకోండి.

ఇప్పుడు మాత్రం కొనకండి, ఈ వానల్లో నర్సరీ మొక్క ఇంటికొచ్చి నిలవదు. నవంబరు చివర్లో వాన తెరిపిచ్చాక, నలిపి వాము వాసన చూసి మరీ తెచ్చుకోండి. ఈలోగా కుండీలు సిద్ధం చేసుకోండి. అడుగున రంధ్రం మీ బొటనవేలు పట్టేంత ఉండాలి, దాని మీద ఒక పెంకు ముక్క బోర్లించి ఆపైన పిక్కలు వేయండి.